టికెట్ ఫ్రీ సరే, దారేదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం పేజీల్లో సిటీ చుట్టుపక్కల ఫ్యామిలీతో వెళ్ళదగ్గ పాత కోటలు, తోటలు, నవాబుల బంగళాల గురించి ఫుల్ పేజీ వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి, టైమింగ్స్ ఇచ్చారు, టికెట్ ఎంతో ఇచ్చారు, పార్కింగ్ సంగతి రాశారు, ఆఖరికి గేటు బయట మిర్చి బజ్జీ ఏ బండి దగ్గర బాగుంటుందో కూడా రాశారు, కానీ లోపలికెళ్ళాక మెట్లెన్ని, దారి కంకరదా మట్టిదా సిమెంటుదా, బాత్రూంలోకి వీల్‌చైర్ పడుతుందా లేదా అనేది మాత్రం ఒక్క లైన్ లేదు. మిమ్మల్నే అనట్లేదండీ, అందరూ అలాగే రాస్తారు, కాకపోతే నాలాంటివాడికి ఆ ఒక్క లైన్ లేకపోతే మిగతా పేజీ అంతా బొమ్మలు చూసి మడిచి పెట్టేయడానికే పనికొస్తుంది.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఏళ్ళ తరబడి కాలికి ఇనప పట్టీల క్యాలిపర్ వేసుకుని చంకకర్రలతో నెట్టుకొచ్చాను, యాభై దాటాక భుజాలు అరిగిపోయాయి, డాక్టర్ ఇక చాలు కుర్చీ ఎక్కండి అన్నాడు, అప్పట్నుంచి వీల్‌చైరే. ఇంట్లో ఐదేళ్ళ మనవడున్నాడు, వాడికి సెలవొస్తే తాత కావాలి, ఉయ్యాల కావాలి, రెండూ ఒకేచోట కావాలి. మా ఫ్లాట్ల దగ్గర పార్క్ అంటూ ఏమీ లేదు, ఉన్న కాస్త ఖాళీలో కార్లు పెట్టేస్తారు. అసలు ఈ ఊళ్ళో పెద్ద చెట్లు కావాలంటే ఎక్కడికి పోవాలో మీరే చెప్పండి, పాత నవాబుల జాగాల్లోకే పోవాలి. జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్క్ ఉంది, అది నిజాం వంశంవాళ్ళ చిరాన్ ప్యాలెస్ ఉన్న ఎస్టేటే కదా, 1998లో నేషనల్ పార్క్ చేశారు కాబట్టి మిగిలింది, లేకపోతే ఈపాటికి అక్కడ టవర్లు లేచేవి. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్, అదీ నిజాముల నాటి బాగే ఆమ్, జవహర్ బాల భవన్ కూడా దాన్లోనే ఉంది, ఎంతమంది పిల్లలు అక్కడ డాన్సులూ డ్రాయింగులూ నేర్చుకున్నారో లెక్కలేదు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణం 106 ఎకరాలు. చరిత్ర మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు చరిత్ర కోసం వెళ్తారు, మిగతావాళ్ళం నీడ కోసం, గాలి కోసం, పిల్లలు పరిగెత్తడానికి వెళ్తాం. అందుకే ఇది ఏదో టూరిస్టుల గొడవ అని కొట్టిపారేయొద్దని మనవి.

ఊరికి కాస్త అవతల ఇలాంటిదే ఒక తోట ఉంది, ఒకప్పుడు ఒక జాగీర్దారుగారి ఎస్టేటు. పేరు రాయను, రాస్తే ఆ ఒక్కటే అలా ఉంది మిగతావన్నీ బ్రహ్మాండం అనుకుంటారు. మా ఆవిడ, అమ్మాయి, మనవడు, నేను, నలుగురం వెళ్ళాం. గేటు ముందు బైకులు దూరకుండా ఇనప పైపులు అడ్డదిడ్డంగా పాతారు, మామూలు మనిషే పక్కకి తిరిగి దూరాలి, బైకుల్ని ఆపడానికి పెట్టినవి నన్నూ ఆపేశాయి. కౌంటర్‌లో కుర్రాడు నన్ను చూడగానే "మీకు టికెట్ అక్కర్లేదు సార్, ఫ్రీ" అన్నాడు. సరే బాబూ మరి లోపలికి ఎలా అంటే "పెద్ద గేటు తీయాలె సార్, తాళంచెవి సూపర్‌వైజర్ సార్ దగ్గరుంటది, ఆయన అన్నానికి పోయిండు" అన్నాడు. ఎండలో నిలబడ్డాం, అంటే వాళ్ళు నిలబడ్డారు నేను కూర్చున్నాను. ఈలోపు ఇంకెవరో పెద్దావిడ మా ఆవిడతో "ఆయన్నెందుకమ్మా కష్టపెట్టడం, ఇంట్లో టీవీ పెట్టి రావాల్సింది" అని సలహా కూడా ఇచ్చింది. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాస్తే మీరు వేసుకోలేరు.

సూపర్‌వైజర్ వచ్చాడు పాపం, అన్నం మధ్యలో లేచి చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చాడు, మనిషి మంచివాడే, ఆ మాట చెప్పాలి. కానీ ఆయన మంచితనం మీద ఆధారపడే ఏర్పాటు అసలు ఏర్పాటు ఎలా అవుతుంది, రేపు ఆయన లీవ్ పెడితే నా సంగతేంటి.

లోపల దారంతా సన్న కంకర. పాత ఫొటోల్లో అలాగే ఉందట, అందుకని అలాగే వేశారట, చూడ్డానికి బాగుంటుంది ఒప్పుకుంటాను. వీల్‌చైర్ ఎప్పుడూ తోయనివాళ్ళ కోసం చెప్తున్నాను, కుర్చీకి ముందు రెండు చిన్న చక్రాలుంటాయి, కంకరలో అవి దిగబడతాయి, దిగబడ్డాయా కుర్చీ ఆగిపోతుంది, వెనక తోసేవాళ్ళు ఆగరు కాబట్టి కూర్చున్నవాడు ముందుకి బోర్లా పడాల్సిందే. అందుకని కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద, వెనక్కి లాక్కెళ్ళాలి. మా అమ్మాయి అలాగే లాగింది. అంటే ఆ తోటంతా నేను వెనక్కి చూస్తూ వెళ్ళాను, పోయే చోటు కనపడదు, వచ్చిన దారి కనపడుతుంది. మర్రిచెట్టు దగ్గరికొచ్చాం నాన్నా అంటే మెడ తిప్పి చూడ్డమే.

బ్యాటరీ కారు ఉంది కదా అంటారేమో, ఉంది. దాని మెట్టు నా మోకాలెత్తున ఉంది, కుర్చీ పెట్టుకునే జాగా లేదు, డ్రైవర్ "ఇద్దరం పట్టుకుని ఎత్తి కూర్చోబెడతం సార్, ఏం కాదు" అన్నాడు. చంకల కింద చేతులేసి ముక్కూమొహం తెలీని ఇద్దరు నలుగురిలో ఎత్తుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి, లుంగీ సర్దుకోవాలా, బ్యాలెన్స్ చూసుకోవాలా, చుట్టూ ఫోన్లు తీసేవాళ్ళని చూడాలా. వద్దులే బాబూ అన్నాను.

పిల్లలు ఆడుకునే చోటు సంగతి ఇంకోటి. చుట్టూ ఆరంగుళాల గట్టు కట్టి లోపల ఇసుక పోశారు, పడ్డా దెబ్బ తగలకూడదని, అది మంచిదే. కానీ గట్టుకి ఎక్కడా గ్యాప్ లేదు. నేను గట్టు బయట ఆగిపోయాను. మావాడు జారుడుబండ వెనకాల నుంచి "తాతా ఇటు చూడు, తాతా చూడు" అని అరుస్తున్నాడు, నాకు వాడు కనపడట్లేదు, చూస్తున్నా నాన్నా చూస్తున్నా అంటున్నాను. మా పక్కనే ఇంకో తల్లి వాళ్ళ పాపని చంకనేసుకుని నిలబడింది, ఏడెనిమిదేళ్ళుంటాయి, నడవలేని పాప. ఉయ్యాల మీద కూర్చోబెట్టాలని చూసింది, అది ఉత్త పలక, వెనక ఆనుకోడానికి లేదు, బెల్టు లేదు, పాప జారిపోతోంది. రెండు ఊపులు ఊపి దింపేసింది. ఆ పాప అలిగి మొహం తిప్పుకుంది. ఆ ఉయ్యాలకి వీపు ఆనేలా ఒక సీటూ, ఒక బెల్టూ ఉంటే అయిపోయేది.

టాయిలెట్ గురించి ఒక్క ముక్కలో, వీల్‌చైర్ బొమ్మ వేసిన తలుపుంది, లోపల చీపుళ్ళు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తాను. ఇలాంటిది ఎక్కడ అడిగినా ఒకటే జవాబు, "ఇది హెరిటేజ్ సార్, మేము ఏదీ ముట్టుకోకూడదు." గోల్కొండ బాలా హిస్సార్ పైకి 300కి పైగా మెట్లున్నాయి, నన్ను పైదాకా ఎక్కించమని నేనెప్పుడూ అడగలేదు, అడగను కూడా, కొండ కొండే. నాలుగొందల ఏళ్ళ సమాధి గోడ పగలగొట్టి లిఫ్ట్ పెట్టమని ఏ వికలాంగుడూ అడగడు, మాకూ ఆ గోడలంటే ప్రేమే. మేం అడుగుతున్నది చెట్ల కింద దారి. ఆ కంకర నవాబుగారు పోసింది కాదు, పోయిన ఏడాదో అంతకుముందో కాంట్రాక్టర్ పోసింది. ఆ ఇనప పైపులు అసఫ్‌జాహీల కాలంవి కాదు. ఇసుక గట్టు, ఫుడ్ కోర్ట్ ముందు రెండు మెట్లు, టికెట్ కౌంటర్ ఎత్తు, ఇవన్నీ మన కళ్ళముందు కట్టినవే. కొత్తగా కట్టేటప్పుడే తప్పు కట్టి తర్వాత హెరిటేజ్ అని చెయ్యెత్తేస్తే ఎలాగండీ. కట్టడానికి హెరిటేజ్ రూల్స్ ఉన్నాయంటే అర్థం చేసుకుంటాను, తోటలో నడిచే దారికి ఆ సాకు చెల్లదు.

పైగా పనితనం మన దగ్గర లేదా అంటే ఉంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలుపెట్టి 2024 దాకా ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళూ, మన రాష్ట్రం వాళ్ళూ కలిసి ఎంత పని చేశారో చూసినవాళ్ళకి తెలుసు, గానుగ సున్నం పాత పద్ధతిలో తయారుచేయించి పూయించారు, వానలకి కూలిపోయిన బడీ బావ్లీ అనే మెట్లబావిని మళ్ళీ నిలబెట్టారు, అక్కడి మెట్లబావులకి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. కూలిన బావిని లేపగలిగినవాళ్ళున్న ఊళ్ళో ఏ తోటలోనైనా నాలుగడుగుల వెడల్పు చదును దారి వేయడం చేతకాదంటే నేను నమ్మను. షాబాద్ బండలు మన దగ్గర దొరికినట్టు ఇంకెక్కడ దొరుకుతాయి, కంకర మధ్యలో నాలుగడుగుల పట్టీలాగా బండలు పరిస్తే చాలు, నున్నటి వైపు కిందకి, గరుకు వైపు పైకి, లేకపోతే వానొస్తే మామూలు మనుషులూ జారిపడతారు. అదీ కాదంటే మొరం పోసి నీళ్ళు కొట్టి రోలర్‌తో గట్టిగా తొక్కించినా చక్రం పోతుంది, తోట అందమూ చెడదు.

ర్యాంపుల గురించి కూడా ఒక మాట. ర్యాంపు అంటే సిమెంటు ఏటవాలుగా పోసేయడం అనుకుంటున్నారు చాలామంది. అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడుగుండాలని లెక్క, అంటే అడుగున్నర అరుగుంటే ర్యాంపు 18 అడుగులు రావాలి. మనవాళ్ళు నాలుగడుగుల్లో తేల్చేస్తారు. అది ఎక్కడానికి పనికిరాదు, దిగితే ఆగదు, జారుడుబండ అక్కడ కట్టి ర్యాంపు ఇంకెక్కడో కట్టారేమో అనిపిస్తుంది. ఫొటో తీసి ఫైల్లో పెట్టుకోడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

మనసుంటే మార్గం ఉంటుందనడానికి పెద్ద కథలేం అక్కర్లేదు. 2001 జనవరిలో వీల్‌చైర్‌లో ఉండే సైంటిస్ట్ స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్ లాంటి చోట్ల చెక్క ర్యాంపులు పెట్టారు, జావేద్ అబీదీ లాంటి వికలాంగుల హక్కుల నాయకులు గట్టిగా అడిగాకే అనుకోండి, కానీ పెట్టారు. ఒక్క రాయి కదల్లేదు, ఒక్క మేకు గోడకి దిగలేదు. అంత పెద్దాయన వస్తేనే చెక్క దొరుకుతుందా, లంగర్‌హౌజ్ నుంచి నేనొస్తే దొరకదా? చెన్నై మెరీనా బీచ్ చూడండి, అంత ఇసుకలో నీళ్ళ దగ్గర దాకా 2022 నవంబర్లో చెక్క దారి వేశారు వీల్‌చైర్ల కోసం, డిసెంబర్లోనే తుఫానొచ్చి దెబ్బతింది, చూశారా వేస్ట్ అన్నవాళ్ళూ ఉన్నారు, మళ్ళీ బాగుచేశారు. ఇంగ్లండ్‌లో మా తోడల్లుడి కొడుకు ఉంటాడు, అక్కడ నేషనల్ ట్రస్ట్ అని ఒక సంస్థ ఉందట, 1895 నుంచీ ఉంది, దొరల పాత ఎస్టేట్లు చాలా వాటిని వాళ్ళే చూసుకుంటారు. చాలా చోట్ల గడ్డి మీదా మట్టి మీదా పోయే మోటారు బండ్లు వచ్చినవాళ్ళకి ఇస్తారు, ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోవచ్చు. అది డబ్బున్న దేశం సరే. కానీ వాడు చెప్పినదాంట్లో నాకు నచ్చింది బండ్లు కాదు, బయల్దేరేముందే అన్నీ తెలుస్తాయట, కారు ఆపే చోటు నుంచి గేటుకి ఎంత దూరం, ఏ దారి ఎత్తుపల్లాలుంటుంది, ఎక్కడ మెట్లున్నాయి, ఏ బాత్రూం పనికొస్తుంది. దీనికి ఖర్చేముందండీ, ఒక బోర్డు, దాని మీద నాలుగు లైన్లు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. మెట్లున్నాయని ముందే రాస్తే నేను బాధపడను, ఇంకో చోటికి పోతాను. అంత దూరం ఆటోలో పోయి తెలుసుకోవడమే నరకం.

ఇంకోటి, ఇదంతా వీల్‌చైర్ వాళ్ళ గోల అనుకోకండి. చూపు లేనివాళ్ళు తోటకి ఎందుకు వస్తారు అంటారు కొందరు, పక్షులు అరవవా, పొగడపూలు వాసన రావా, చెట్టు బెరడు చేత్తో తడమకూడదా? పసుపు గీతల టైల్స్ వేస్తారు వాళ్ళ కోసం, వేసింది వేసినట్టు తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి గుద్దిస్తాయి కొన్నిచోట్ల. ఆటిజం ఉన్న పిల్లలకి డీజే సౌండు దూరంగా ఒక మూల కావాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అక్కడక్కడా చేతులున్న బెంచీ కావాలి, చేతులు లేని బెంచీ మీంచి లేవాలంటే వాళ్ళని ఇద్దరు లాగాలి, మా అమ్మని అలాగే లాగేవాళ్ళం. చంటిపిల్లల బండి తోసుకొచ్చే తల్లులు కూడా ఆ కంకరలోనే ఇరుక్కుంటున్నారు, వాళ్ళు పిల్లని ఒక చేత్తో బండిని ఒక చేత్తో ఎత్తుకుపోతారు కాబట్టి ఎవరికీ కనపడట్లేదు అంతే.

ఆటస్థలం విషయంలో మాత్రం ఒకటి గట్టిగా చెప్పాలి, దయచేసి మా పిల్లలకి వేరే మూల వేరే ఆటస్థలం కట్టి రిబ్బన్ కట్ చేయొద్దు. అక్కడికి ఎవరూ రారు, ఆ పాప ఒక్కతే ఊగాలి. అందరి ఉయ్యాలల మధ్యలోనే ఒకటి వీపు ఆనుకునేది పెట్టండి, గట్టుకి ఒకచోట గ్యాప్ ఇచ్చి లోపల దాకా రబ్బరు మ్యాటు వేయండి, ఇసుక కొంత టేబులెత్తున తొట్టిలో పోయండి, కుర్చీలో ఉన్న పిల్లా పక్కపిల్లా కలిసి గుళ్ళు కట్టుకుంటారు. నాలాంటి తాతలకీ అదే దారి పనికొస్తుంది.

చట్టం సంగతి మీ పేపర్ చదివేవాళ్ళకి కొంత తెలిసే ఉంటుంది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, దాన్లో పబ్లిక్ బిల్డింగ్ అంటే ఆఫీసులూ ఆస్పత్రులే కాదు, సాంస్కృతిక, వినోద అవసరాలకి వాడేవి కూడా అని రాసుంది. పాతవాటిని రూల్స్ వచ్చిన ఐదేళ్ళలో సరిచేయాలన్నారు, రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022 జూన్‌కే అయిపోయింది. అంతకుముందు 2007లోనే మన దేశం ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందానికి ఓకే చెప్పింది, దాన్లో వికలాంగ పిల్లలకి మిగతా పిల్లలతో సమానంగా ఆటలు ఉండాలని విడిగా రాశారు. ఇక 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరీ కేసులో గట్టిగానే చెప్పింది, యాక్సెస్ గురించిన రూల్, అంటే వికలాంగులు ఎక్కడికైనా వెళ్ళి వాడుకోగలిగేలా ఏర్పాట్లు ఉండాలనే రూల్, ఉత్త సలహాల్లాగా ఉంది, ఇది చట్టానికే విరుద్ధం, మూడు నెలల్లో తప్పనిసరి రూల్స్ తేవాలని. ఆ తీర్పుకి ఆధారంగా కోర్టు తెప్పించుకున్న రిపోర్ట్ ఎవరు రాశారో తెలుసా, మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో వికలాంగుల అధ్యయన కేంద్రం వాళ్ళు. దేశానికంతా చెప్పిన రిపోర్ట్ మన శామీర్‌పేట్ నుంచి పోయింది, మన తోట గేటుకి మాత్రం ఇంకా తాళమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, మనం రచ్చ గెలిచాం, ఇంటి సంగతే చూడాలి.

చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్ళీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా ఫైన్ అని కూడా ఉంది. నేను ఎవరి మీదా కేసు పెట్టను, నాకు అంత ఓపిక లేదు, ఆ సూపర్‌వైజర్ మీద పడుతుందేమోనని భయం కూడా. పైవాళ్ళు టెండర్ పిలిచేటప్పుడే, కాగితం మీదే, ఒక వికలాంగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ప్లాన్ చూపిస్తే సగం తప్పులు అక్కడే పోతాయి. అయ్యాక పిలిస్తే మేం వచ్చి చేసేదేముంది, శాలువా కప్పించుకుని ఫొటో దిగడం తప్ప. ప్రతి డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవానికి, అదే జరుగుతోంది, ఆ స్టేజీకి కూడా చాలాచోట్ల మెట్లే.

ఇక మీకో విన్నపం, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. మీకు ప్రతి జిల్లాలో రిపోర్టర్లున్నారు. ఒక్కొక్కరికి ఒక టేపు ఇచ్చి వాళ్ళ జిల్లాలో ఉన్న పాత కోట, గడీ, తోట ఏదైతే అది చూసి రమ్మనండి. గేటు సందు ఎంత వెడల్పు (90 సెంటీమీటర్లు ఉంటే ఏ కుర్చీ అయినా పోతుంది), ర్యాంపు ఎత్తెంత పొడుగెంత, దారి దేనితో వేశారు, వీల్‌చైర్ బొమ్మ ఉన్న బాత్రూం తలుపు తీస్తే లోపల ఏముంది, ఆటస్థలంలోకి చక్రం పోతుందా, ఈ నాలుగైదూ చూస్తే చాలు. వారానికో తోట వేయండి, బాగున్నవాటిని బాగున్నాయని కూడా వేయండి, మేం అక్కడికే పోతాం, మాతో వచ్చే నలుగురికీ టికెట్ కొంటాం, బయట బజ్జీలూ తింటాం. హైదరాబాద్ వైపు కొలవడానికి మీ రిపోర్టర్ వస్తే చెప్పండి, ఆదివారాలు నేను ఖాళీయే, పొద్దున తొమ్మిది లోపయితే ఎండ కూడా ఉండదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
లంగర్‌హౌజ్, హైదరాబాద్